శాసనకర్తల త్వర, ఉపేక్ష: చిరకారి ఉపాఖ్యానం వెలుగులో ఒక ధర్మవిచారం

కర్తవ్యనిర్ణయంలో త్వరపడాలా, నిదానించాలా అని మహాభారత శాంతిపర్వంలో ధర్మరాజు భీష్ముణ్ణి అడుగుతాడు. సమాధానంగా భీష్ముడు చిరకారి కథ చెబుతాడు. భార్యపై ఆగ్రహించిన గౌతముడు ఆమెను వధించమని కుమారుడైన చిరకారిని ఆజ్ఞాపించి అడవికి వెళ్తాడు. తండ్రి మాటకూ తల్లి ప్రాణానికీ మధ్య చిరకారి దీర్ఘంగా ఆలోచిస్తాడు. ఈలోగా కోపం చల్లారిన గౌతముడు పశ్చాత్తాపంతో తిరిగివచ్చి, ఆజ్ఞ నెరవేరలేదని తెలిసి కుమారుణ్ణి అభినందిస్తాడు.

దండన విషయంలో నిదానం దోషం కాదని ఈ కథ సారాంశం. అయితే విలంబమంతా వివేకం కాదు. ఆలోచన కోసం చేసేది విచారవిలంబం; పట్టించుకోకపోవడం వల్ల జరిగేది ఉపేక్షావిలంబం. స్వదేశంలో ఘోరనేరం జరిగినప్పుడు, పరదేశంలో మనుషులు పీడనకు గురైనప్పుడు శాసనకర్తలు స్పందించే తీరును ఈ భేదం ఆధారంగా పరిశీలించవచ్చు.

2019 నవంబరు 27న హైదరాబాదు శివార్లలో ఒక యువ పశువైద్యురాలు అత్యాచారానికి, హత్యకు గురైంది. డిసెంబరు 2న రాజ్యసభలో ఒక సభ్యురాలు నిందితులను బహిరంగంగా జనం చేత చంపించాలన్నారు. డిసెంబరు 6న చటాన్‌పల్లి వద్ద నలుగురు నిందితులూ పోలీసు కాల్పుల్లో మరణించారు. డిసెంబరు 13న ఆంధ్రప్రదేశ్ శాసనసభ దిశ బిల్లును ఆమోదించింది. దర్యాప్తుకు 7, విచారణకు 14, మొత్తం 21 పనిదినాల్లో తీర్పు రావాలన్నది అందులోని నియమం. రాష్ట్రపతి ఆమోదం లభించక అది అమలులోకి రాలేదు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో వెల్లడైంది. పోలీసులు చంపే ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని, మృతుల్లో ముగ్గురు మైనర్లని అది తేల్చింది. నిందితుల వయస్సు ఏ న్యాయస్థానమైనా తొలుత విచారించే అంశం. దానికి సమాధానం వారు మరణించిన రెండేళ్ల తరువాత గానీ రాలేదు.

దీనికి బలమైన ఆక్షేపణ ఉంది. 2012 నాటి ఢిల్లీ కేసులో శిక్ష అమలయ్యేసరికి 2020 మార్చి వచ్చింది. అంతకాలం బాధితురాలి తల్లిదండ్రులను నిరీక్షింపజేయడమే అన్యాయమని పలువురి వాదం. ఆ వాదంలో సత్యముంది. కానీ విచారవిలంబాన్ని రోజులతో కొలవలేము. అదే కేసు తరువాత ఏర్పడిన జస్టిస్ వర్మ కమిటీ దాదాపు 80,000 సూచనలు స్వీకరించి 29 రోజుల్లో నివేదిక ఇచ్చింది. అత్యాచారానికి మరణశిక్షను సిఫారసు చేయలేదు. వేగంగా పనిచేస్తూనే ఆలోచించవచ్చని ఆ కమిటీ నిరూపించింది. కాబట్టి దోషం వేగానిది కాదు, విచారణ స్థానాన్ని ఆగ్రహం ఆక్రమించడానిది.

ఇక పరదేశ పీడన. దిశ బిల్లు ఆమోదం పొందిన వారంలోనే పార్లమెంటు పౌరసత్వ సవరణ చట్టాన్ని ఆమోదించింది. పాకిస్తాన్, బంగ్లాదేశ్, ఆఫ్ఘనిస్తాన్‌లలో మతపీడనకు గురైన మైనారిటీలకు ఆశ్రయమివ్వడం దాని ఉద్దేశమని ప్రభుత్వం చెప్పింది. మతం ప్రాతిపదికగా భేదం చూపడం తగదని తెలంగాణ శాసనసభ 2020 మార్చి 16న తీర్మానించింది. ఈ వివాదంలో ఎవరి పక్షం సరైనదైనా, పరదేశంలోని పీడన తమ విషయమేనని రెండు సభలూ అంగీకరించినట్లే. ఆ అంగీకారానికి అసలు పరీక్ష నిజాంసాగర్ వంటి చోట ఎదురవుతుంది.

మంజీరపై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఒకప్పుడు ఈ ప్రాంత సేద్యానికి ఆధారం. పూడిక చేరి జలాశయం సామర్థ్యం తగ్గింది. ఎగువన సింగూరు వచ్చింది. నేటి కామారెడ్డి జిల్లా గ్రామాల నుంచి గల్ఫ్ వలస దశాబ్దాలుగా సాగుతోంది. అక్కడి కఫాలా విధానంలో కార్మికుడి నివాసహక్కు యజమాని చేతిలో ఉంటుంది. సౌదీ అరేబియా 2021లో కొన్ని సడలింపులు తెచ్చినా ఇంటిపనివారికి, డ్రైవర్లకు, వ్యవసాయ కార్మికులకు అవి వర్తించలేదు. ఇక్కడినుంచి వెళ్లే పేదలు చేసే పనుల్లో ఇవి ముఖ్యమైనవి. వలసను నియంత్రించే భారత చట్టం మాత్రం 1983 నాటిది. దాన్ని మార్చేందుకు 2019లో, 2021లో ముసాయిదాలు వెలువడ్డాయి. గల్ఫ్‌లో మరణించిన కార్మికుల కుటుంబాలకు తెలంగాణ ప్రభుత్వం 2024లో 5 లక్షల రూపాయల సహాయం ప్రకటించింది. అది అవసరమైన ఉపశమనమే. కానీ అది మరణం తరువాత అందేది. పాస్‌పోర్టు యజమాని వద్ద చిక్కుకొని బతికి ఉన్న కార్మికుడికి దానివల్ల రక్షణ లేదు.

నేరం ఒక సంఘటన. దానికి తేదీ ఉంటుంది, జనాగ్రహం ఉంటుంది. కఫాలా ఒక స్థితి; దానికి తేదీ లేదు. శాసనసభలు సంఘటనకు స్పందించినంతగా స్థితికి స్పందించవు. అందుకే విచారవిలంబం కావలసిన చోట పదహారు రోజుల్లో బిల్లు ఆమోదం పొందింది, త్వర కావలసిన చోట నాలుగు దశాబ్దాలు గడిచాయి. ఆగ్రహం, జాలి శాసనకర్తను మేల్కొలపవచ్చు. ఏది ముందు, ఏది తరువాత అన్న నిర్ణయాన్ని మాత్రం వాటికి అప్పగించరాదు. చిరకారి ఆలస్యం శ్లాఘనీయమైంది ఒక ప్రాణాన్ని కాపాడినందుకే. ప్రాణాన్ని కాపాడని ఆలస్యానికి ఆ కథ సమర్థన కాజాలదు.