నీడ చెప్పే సాక్ష్యము

ఛాయాచిత్రమన్న పేరులోనే నీడ ఉన్నది. వెలుగు గోడను చూపును. ఆ గోడకు లోతున్నదని చెప్పునది నీడ. కట్టడములను చిత్రించువారు సూర్యగమనమును కనిపెట్టి గంటలకొద్దీ నిరీక్షించుట అందుకే. అయితే ఇక్కడ ఒక ధర్మసందేహము కలుగుచున్నది. కట్టడము మిక్కిలి సొగసుగా కనిపించు క్షణమునొక్కదానిని ఎన్నుకొని, తక్కిన దినమంతయు విడిచిపెట్టుట సత్యమా, ముఖస్తుతియా?

ఎన్నుకొనుటయే అసత్యము కాదు. సవాయి జయసింహుడు 1724లో ఢిల్లీలో కట్టించిన జంతర్ మంతరును చూడుడు. అచ్చటి సమ్రాట్ యంత్రములో కాలమును తెలుపునది నీడయే. మబ్బు కమ్మిన వేళ తీసిన చిత్రములో గోడలు ఉండును గాని, వాటి ప్రయోజనము కనబడదు. అచ్చట నీడకై వేచియుండుట కట్టడమునకు చేయు న్యాయము.

రంగు విషయమును ఇట్టిదే. హుమాయూన్ సమాధిలో ఎర్రరాతికి తెల్లని చలువరాయి తోడైనది. నలుపు తెలుపుల చిత్రము ఆ రెండింటి భేదమును నిలుపును. శిల్పి కోరి తెచ్చిన ఎరుపును మాత్రము పోగొట్టును. పూతలేని కాంక్రీటుకు అట్టి నష్టము స్వల్పము. స్వాతంత్ర్యానంతరము ఢిల్లీలో లేచిన కొత్త కట్టడములను మదన్ మహట్టా నలుపు తెలుపులలో చిత్రించగా, వాటి స్వభావము చెడలేదు.

అట్టి కట్టడములలో ఒకటి ప్రగతి మైదానములోని హాల్ ఆఫ్ నేషన్స్. రాజ్ రేవాల్ రూపకల్పనతో, మహేంద్ర రాజ్ ఇంజనీరుగా, 1972లో వెలసినది. ఉక్కు ప్రియమైన ఆ రోజులలో దాని త్రికోణముల అల్లికను కాంక్రీటుతో, కూలీల చేతిపనితో నిలిపినారు. 2017 ఏప్రిల్‌లో దానిని కూల్చివేసినారు. కట్టడము నిలిచియున్నంతకాలము చిత్రములోని కొరతను వెళ్లి కన్నులార సరిచూచుకొనవచ్చును. అది కూలిన పిమ్మట చిత్రమే సాక్షి. అల్లికలోని వెలుగునీడల అందమును మాత్రమే చూపి, కప్పు క్రింద నడచిన మనుష్యుని, ఆ కాంక్రీటు పోసిన చేతులను వదలిన చిత్రము సగము సాక్ష్యమే పలుకును.

సగము సాక్ష్యముకంటె దొంగసాక్ష్యము ఘోరము. శీతకాలమున ఢిల్లీ ఆకాశమును పొగ కప్పును. ఆ ధూసరమును తుడిచి నీలము పూయుట నేటి సాధనములతో క్షణములో పని. నీడకై వేచినవాడు ఉన్నదానిని కనుగొనినాడు. నీలము పూసినవాడు లేనిదానిని కల్పించి, ఆ గాలినే పీల్చిన జనుల కష్టమును చెరిపినాడు. చిత్రకారునికి వేళను ఎన్నుకొను హక్కు కలదు. ఆ వేళలో లేని వెలుగును చేర్చు హక్కు లేదు.