ఆపరేషన్ ఎవరికి?



మా కె. కోటపాడు ప్రాంతంలో ఇళ్ళను ఆశీర్వదించడానికి వెళ్ళినప్పుడు ఒక ఇంట్లో పిల్లలెందరని అడిగాను. "ఇద్దరు ఫాదర్ గారూ. ఆపరేషన్ కూడా అయిపోయింది" అన్నాడు ఇంటి యజమాని. ఎవరికి అన్నాను. ఆయన నవ్వి, "ఇంకెవరికండీ, మా ఆడమనిషికే. నాకు చేస్తే కూలికెవరు వెళ్తారు?" అన్నాడు. గుమ్మంలో నిలబడిన ఆయన భార్య నవ్వలేదు. "నెల తిరక్కుండానే చెరుకు మోపు ఎత్తాను బాబూ" అని మాత్రం అంది.

ఇది ఒక్క ఇంటి సంగతి కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుండి 49 ఏళ్ళ వివాహిత స్త్రీలలో నూటికి దాదాపు 70 మంది కు.ని. ఆపరేషన్ చేయించుకున్నవారే. భర్త ఆపరేషన్ చేయించుకున్న ఇళ్ళు నూటికి ఒకటి కూడా లేవు. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో ఒకే శిబిరంలో 83 మంది స్త్రీలకు ఆపరేషన్లు చేశారు. ఆ తరువాత పదిమందికి పైగా తల్లులు మరణించారు. వారి పసిబిడ్డలకు ఎవరు జవాబు చెప్పాలి?

అయితే భర్తలే ఆపరేషన్ చేయించుకోవాలని నేను చెప్పడం లేదు. ఇద్దరిలో ఎవరికి చేసినా అది సరికాదనే శ్రీసభ బోధిస్తుంది. కాని ఈ బోధనను మనం సగమే వింటున్నాము. ఎంతమందినైనా కనమని శ్రీసభ చెప్పలేదు. పిల్లల సంఖ్యను దేవుని ఎదుట, తమ ఆరోగ్యాన్నీ స్థితిగతులనూ ఆలోచించుకొని భార్యాభర్తలే నిర్ణయించుకోవాలని రెండవ వాటికన్ మహాసభ 1965లో తెలిపింది. తగిన కారణముంటే, గర్భం నిలవని రోజులను గుర్తించి కాన్పులకు ఎడం పాటించవచ్చునని 6వ పౌలు పోపుగారు 1968లో తమ విశ్వలేఖలో వివరించారు.

ఆస్ట్రేలియాకు చెందిన వైద్య దంపతులు బిల్లింగ్స్ గారలు నేర్పిన పద్ధతి ఇలాంటిదే. భార్య తన శరీరంలోని తేమ గుర్తులను ప్రతిదినం గమనించాలి. తెలిసినవారి వద్ద కొన్ని నెలలు నేర్చుకోవాలి. ఇందులో ఖర్చు లేదు, కత్తి లేదు. కాని ఒకటి కావాలి: భర్త నిగ్రహం. నెలలో కొన్ని రోజులు ఆగవలసినది ఆయనే. తాగి వచ్చి భార్య మాట వినని ఇంట్లో ఈ పద్ధతి నిలుస్తుందా? అప్పుడు ఆమెకు ఆపరేషన్ తప్ప దారేది? అట్టి ఇంట పాపభారం ఆమె ఒక్కదానిదేనా?

భర్తలారా, క్రీస్తు శ్రీసభ కొరకు తన్ను తాను అర్పించుకున్నట్లు భార్యను ప్రేమించమని పౌలు గారు ఎఫెసీయులకు వ్రాశారు. అర్పించుకోవలసినది మీరు. మనమో, ఆమెనే అర్పించి చేతులు దులుపుకుంటున్నాము.

గురువులమైన మా తప్పూ ఉంది. జ్ఞానవివాహానికి ముందు జంటలకు జపాలు అప్పగించుకుంటాము గాని ఈ సంగతి నేర్పము. సిగ్గుపడి దాటవేస్తాము. మేము చెప్పనిది ఊరి నర్సమ్మ చెబుతుంది. ఆమెను తప్పుపట్టే అర్హత మాకెక్కడిది?

ఇప్పటికే ఆపరేషన్ అయిన తల్లులారా, ఆ కారణంగా దివ్యసత్ప్రసాదానికి దూరంగా వెనుక వరుసలో కూర్చోవద్దు. పాపసంకీర్తనానికి రండి. మీ మీద ఎవరి ఒత్తిడి ఎంత ఉన్నదో ప్రభువుకు తెలుసు. ఆయన కరుణ మీ గతానికి చిన్నది కాదు.

కొత్త దంపతులారా, వచ్చే ఆదివారం పూజ అయ్యాక మీ విచారణ గురువులను కలవండి. అయితే భార్యను ఒంటరిగా పంపవద్దు. ఇద్దరూ కలిసి రండి.

నజరేతులో మరియమ్మకూ బాలయేసుకూ అండగా నిలిచిన జోజప్పగారు మన ఇంటి పురుషులకు ఆదర్శమగుదురు గాక. ఆమెన్.