గంట చేబదులు

ఇరుగుపొరుగుల మధ్య చేబదుళ్ళు కొత్తేమీ కాదు. గ్లాసుడు పంచదార, గుప్పెడు కాఫీపొడి... అడగడానికి వాళ్ళకి కొంచెం మొహమాటం, ఇవ్వడానికి మనకి కొంచెం గొప్ప. కాని ఒక ప్రభుత్వం, నిద్రపోతున్న జనం దగ్గర తలా ఒక గంట చేబదులు పుచ్చుకుని, దాదాపు ఎనిమిది నెలలకి తిరిగి ఇచ్చేయడం ఎక్కడైనా విన్నారా? అమెరికాలో ఏటేటా జరిగే వ్యవహారం ఇది. డేలైట్ సేవింగ్ టైమ్ అంటారు. పగటి వెలుగుని పొదుపు చేయడమన్నమాట!

పద్ధతి చాలా సులువు. 2007 నుంచి అమల్లో ఉన్న నియమం ప్రకారం, మార్చి నెల రెండో ఆదివారం తెల్లవారుజామున గడియారం 2 కొట్టగానే దాన్ని 3 అనుకోవాలి. మధ్యలో గంట ఏమైందని అడక్కూడదు. నవంబరు మొదటి ఆదివారం 2 కొట్టగానే మళ్ళీ 1 అనుకోవాలి. అయిపోయిన గంటనే ఇంకోసారి గడపాలి. ఆ రాత్రి ఒక తల్లికి కవలలు పుట్టారనుకోండి. మొదటివాడు 1.55 కి, రెండోవాడు పది నిమిషాల తరవాత. కాగితం మీద రెండోవాడు 1.05 కి పుట్టినట్టు! తమ్ముడే అన్నయ్యయి కూచుంటాడు. మనకీ న్యూయార్కుకీ వేసవిలో తొమ్మిదిన్నర గంటల తేడా, చలికాలంలో పదిన్నర. అక్కడ పిల్లలున్న మనవాళ్ళు ఫోను చెయ్యబోయే ముందు వేళ్ళు లెక్కపెట్టుకునేది అందుకే.

ఇంత హంగామా ఎందుకంటే, భూమధ్యరేఖకి దూరం పోయేకొద్దీ వేసవి పగళ్ళు సాగిపోతాయి. హైదరాబాదులో ఏడాదికల్లా పెద్ద పగటికీ చిన్న పగటికీ తేడా సుమారు రెండు గంటలు. లండనులో దాదాపు తొమ్మిది. గడియారం ముట్టుకోకపోతే జూన్‌లో అక్కడ నాలుగు కాకుండానే సూర్యుడు వచ్చేస్తాడు. విలియం విల్లెట్ అని ఇళ్ళు కట్టించే ఆసామీ ఒకాయన పొద్దున్నే గుర్రమెక్కి షికారు వెళుతూ, అంత ఎండలోనూ కిటికీల తెరలు దించే ఉండడం చూసి తెగ బాధపడిపోయాడు. 1907 లో ఓ చిన్న పుస్తకం అచ్చేశాడు. ఏప్రిల్‌లో నాలుగు ఆదివారాలు, వారానికి ఇరవై నిమిషాల చొప్పున గడియారాలు ముందుకి జరపాలనీ, సెప్టెంబరులో అలాగే వెనక్కి తేవాలనీ ఆయన సలహా. పార్లమెంటు ఒప్పుకోలేదు. 1915 లో ఆయన పోయాడు. మరుసటేడు ఏప్రిల్ 30న, యుద్ధంలో బొగ్గు కలిసొస్తుందని జర్మనీ గంట జరిపింది. మూడు వారాలకి బ్రిటనూ జరిపింది. లండను దగ్గర పెట్స్‌వుడ్‌లో విల్లెట్ జ్ఞాపకార్థం నిలబెట్టిన నీడ గడియారం కూడా వేసవి టైమే చూపిస్తుంది. నీడని జరపలేరు కనక అంకెల్ని జరిపారు!

ఇక్కడే నాకో ప్రశ్న. పెందలాడే లేవడం మంచిదైతే, లేవచ్చు కదా. గడియారం ఏం పాపం చేసింది?

మన ఇళ్ళల్లో గోడగడియారం పది నిమిషాలు ముందుకి పెట్టుకుంటాం చూడండి. ఆ సంగతి అందరికీ తెలుసు గనక, చూసిన ప్రతివాళ్ళూ పది తీసేసి, ఇంకా టైముందిలెమ్మని మళ్ళీ ముసుగు తన్నేస్తారు. ఒక్కళ్ళం మనల్ని మనం మోసం చేసుకోవడం కష్టం. అందరూ కలిస్తే తేలిక. రైలూ, బడీ, బ్యాంకూ, ఆఫీసూ ఒకేసారి జరిగిపోతే ఇక తీసివేత లెక్క ఎవరికీ పనికిరాదు. కలిసి జరపకపోతే ఏమవుతుందో కూడా అమెరికావాళ్ళు చవిచూశారు. ఊరికో టైము పెట్టుకున్న రోజుల్లో, వెస్ట్ వర్జీనియాలోని మౌండ్స్‌విల్ నుంచి ఒహాయోలోని స్టూబెన్‌విల్ దాకా 35 మైళ్ళ బస్సు ప్రయాణంలో ఏడుసార్లు గడియారం దిద్దుకోవలసి వచ్చేదట! 1966 లో చట్టం చేసి దారిలో పెట్టారు.

అయితే ఇది నలుగురూ కలిసి ఆడుతున్న అబద్ధమా? నా మటుకు నాకు కాదనిపిస్తుంది. అబద్ధానికి చెప్పేవాడొకడు, నమ్మి మోసపోయేవాడొకడు ఉండాలి. ఇక్కడ అందరికీ అంతా తెలుసు. అయినా గడియారం ఎప్పుడు నిజం చెప్పింది గనక? 1906 నుంచి మన దేశానికి మీర్జాపూరు దగ్గరగా పోయే రేఖే ప్రమాణం. ద్వారకలోనూ, డిబ్రూగఢ్‌లోనూ పొద్దు ఒక్కసారే పొడుస్తుందా? గడియారం సత్యం కాదు, ఒప్పందం. ఒప్పందాన్ని నిజమా అబద్ధమా అని కాదు, న్యాయమా కాదా అని అడగాలి. ఎవర్ని అడిగి చేసుకున్నారు, దాని వడ్డీ ఎవరు కడుతున్నారు అని అడగాలి.

1918 లో అమెరికా మొదటిసారి గంట జరిపినప్పుడు ఎదురు తిరిగినవాళ్ళు రైతులు. మంచు ఆరితే గాని గడ్డి కోత సాగదు. మంచు ఆరేది ఎండకి, చట్టానికి కాదు. కూలీలేమో గడియారం చూసుకుని వెళ్ళిపోతారు. ఆవు తన వేళకే చేపుతుంది. 1919 లో, అధ్యక్షుడు విల్సన్ వద్దంటున్నా వినకుండా కాంగ్రెసు ఆ చట్టాన్ని కొట్టేసింది. మళ్ళీ పెట్రోలు కరువొచ్చిన 1974 లో చలికాలం కూడా ఇదే టైమన్నారు. జనవరి చీకట్లో బడికి నడిచే పిల్లల్ని చూసి తల్లిదండ్రులు గగ్గోలు పెట్టారు. రెండేళ్ళనుకున్న ప్రయోగాన్ని ఆ అక్టోబరులోనే సవరించారు. పోనీ పొదుపన్నా జరిగిందా అంటే, ఇండియానా రాష్ట్రమంతటా 2006 లో ఈ పద్ధతి పెట్టాక పరిశీలించిన ఆర్థికవేత్తలకి ఇళ్ళల్లో కరెంటు ఖర్చు సుమారు 1 శాతం పెరిగినట్టు తేలింది. దీపాల దగ్గర మిగిలింది చల్లదనానికీ, వెచ్చదనానికీ పోయింది.

మనకీ ఈ చేబదులు తప్పలేదు. యుద్ధం రోజుల్లో, 1942 సెప్టెంబరు 1 నుంచి 1945 అక్టోబరు 15 దాకా, మన గడియారాలూ గంట ముందు నడిచాయి. ఆ మధ్య పుట్టినవాళ్ళ జాతకం వెయ్యాలంటే జ్యోతిష్కులు కాగితం మీది టైములో గంట తగ్గించుకోవాలి. దొరతనంవారి హుకుం కచేరీ దాకా వెళ్ళింది గాని, లగ్నం దాకా వెళ్ళలేదు. పంచాంగానికి ఎప్పుడూ సూర్యోదయమే మొదలు.

ఇదేదో దూరదేశపు గొడవ అని కొట్టిపారెయ్యకండి. ఇంట్లో ఓ రాత్రి భోజనాల దగ్గర, "రేపట్నుంచి అందరం గంట ముందు లేద్దాం, ఆరోగ్యం!" అని తీర్మానం చేస్తారు. మంచిమాటే, కాదనేవాళ్ళెవరు? పొద్దున అయిదింటికి లేచేవాళ్ళకి కాఫీ సిద్ధంగా ఉండాలి గదా. అంటే ఒక మనిషి నాలుగున్నరకే లేచి పొయ్యి వెలిగించాలి. తీర్మానం చేసినవాళ్ళల్లో ఆ మనిషి ఉందా? ఉంటే ఆవిడ "సరే" అందా, లేక కంచాలు తీస్తూ ఊరుకుందా?

ఊరుకోవడాన్ని ఒప్పుకోవడం కింద జమ కట్టుకోవడమే మన అలవాటు. గడియారాలు జరపాలంటే జరుపుకోండి, నాకేం అభ్యంతరం లేదు. జరిపే ముందు మాత్రం, ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచేది ఎవరో కనుక్కుని, వాళ్ళనొక్కమాట అడగండి.