కొలువు మారినా అమానత్ మారదు

అమానత్ అనగానే మనకు దాచమని ఇచ్చిన డబ్బో, నగలో గుర్తుకొస్తాయి. కాని మాట కూడా అమానతే. ఒక వ్యక్తి మనతో మాట్లాడుతూ, ఎవరైనా వింటున్నారేమోనని అటూ ఇటూ చూస్తే, ఆ మాట మన దగ్గర అమానత్ అవుతుందని దైవప్రవక్త (స) బోధించారు.

బాపట్ల దగ్గరి సూర్యలంకలో వైమానిక దళ కేంద్రం ఉంది. హైదరాబాదులో రక్షణ పరిశోధనాలయాలు ఉన్నాయి. ఇటువంటి చోట్ల పనిచేసేవారి పూర్వాపరాలను ప్రభుత్వం విచారించి, నమ్మకం కుదిరాకే బాధ్యత అప్పగిస్తుంది. అలాంటి కొలువు మానేసి మరో కొలువుకు వెళ్ళేవారికి రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. పాత చోట తెలిసిన రహస్యాన్ని ఏం చేయాలి? కొత్త విచారణ ఫారంలో ఏం రాయాలి?

మొదటిదానికి హజ్రత్ అనస్ (రజి) జీవితంలో జవాబుంది. ఆయన బాలుడిగా ఉన్నప్పుడు దైవప్రవక్త (స) ఒక పనిమీద పంపారు. ఆలస్యమెందుకైందని తల్లి అడిగితే, అది దైవప్రవక్త (స) రహస్యమన్నారు. అయితే ఎవరికీ చెప్పవద్దని ఆ తల్లి కూడా అన్నారు. తర్వాత ఎంతో కాలానికి కూడా ఆయన తన ప్రియశిష్యుడు సాబిత్‌కు సైతం ఆ సంగతి చెప్పలేదు. సేవ ముగిసింది, అమానత్ ముగియలేదు. మన దేశంలోని 1923 నాటి అధికార రహస్యాల చట్టం కూడా పదవిలో ఉన్నవారితోపాటు పదవి వదిలినవారికీ వర్తిస్తుంది. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టు మానేసి పక్క కొట్టులో చేరిన గుమాస్తాకూ ఇదే నీతి. నేర్చుకున్న పనితనం అతనిది. పాత షావుకారు నమ్మి చూపిన ఖాతాలు అతనివి కావు.

రెండో ప్రశ్న మరింత కష్టమైనది. ఎప్పుడో జరిగిన గొడవలో కేసు నమోదై ఉంటుంది. అల్లాహ్ కప్పిన తప్పును మనమే చాటుకోరాదు కదా, ఫారంలో "లేదు" అని రాస్తే ఏమని కొందరు అడుగుతారు. చాటుకోకపోవడం వేరు, అడిగినప్పుడు అబద్ధం చెప్పడం వేరు. ఆంధ్రప్రదేశ్ పోలీసు నియామకానికి సంబంధించిన కేసులో, ఫారంలో అడగని సంగతి రాయకపోవడం దాచడం కాదని సుప్రీంకోర్టు 2005లో చెప్పింది. అడిగినదానికి మాత్రం నిజమే రాయాలని 2016లో అవతార్ సింగ్ కేసులో తీర్పు చెప్పింది. చిన్న తప్పును దాచినా యజమాని మన్నించవచ్చు. నిజం రాసినా ఉద్యోగం ఇచ్చి తీరాలని లేదు. కనుక నిజానికి ఒక్కోసారి మూల్యం చెల్లించక తప్పదు.

"మన పేరు చూసే అనుమానిస్తారు, నిజం రాస్తే ఇంకేముంది?" అనే భయం మన ఇళ్ళలో ఉంది. ఆ భయాన్ని మేము తేలిగ్గా తీసుకోవడం లేదు. కాని మక్కావాసులు దైవప్రవక్త (స)ను చంపజూసిన రాత్రి కూడా, వారి అమానతులు ఆయన దగ్గర ఉన్నాయి. వాటిని తిరిగి అప్పగించడానికి హజ్రత్ అలీ (రజి)ని వెనుక ఉంచి వెళ్ళారు. ఎదుటివారి అన్యాయం మన ఖియానత్‌ను హలాల్ చేయదు.

ఉపాధినిచ్చేవాడు అల్లాహ్. నిజం పలికే నాలుకను, రహస్యం నిలుపుకునే హృదయాన్ని ఆయన మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.