ముందు ఎడమకి, తర్వాతే సెల్ఫు

రన్నింగ్‌లో బండి ఆఫ్ అయిపోతే ఏం చేస్తావు నాన్నా? కారు కొన్న కుర్రాణ్ణి ఎవర్నడిగినా, అమ్మాయినడిగినా, తడుముకోకుండా చెప్పే జవాబొకటే: "ఏముంది, మళ్లీ సెల్ఫ్ కొడతాం." నాకు భయమేసేది ఆ జవాబుకే. బండి ఆగుతుంది. కొత్తదీ ఆగుతుంది, పాతదీ ఆగుతుంది. ఆగిన క్షణాన నీ చెయ్యి ఎటు పోతుందన్నదే నా బెంగ. తాళం మీదకి పోకూడదు. ముందు బండి ఎడమకి రావాలి, అందులోని మనుషులు రోడ్డుకి దూరంగా పోవాలి, ఆ తర్వాతే సెల్ఫు. ఈ వరస తప్పకు, నేను అడిగేది అంతే.

నీకు డ్రైవింగ్ నేర్పినవాళ్లు ట్రాక్ మీద రివర్స్ నేర్పారు, ఎత్తు మీద హాఫ్ క్లచ్ నేర్పారు. ఇది మాత్రం నేర్పి ఉండరు. అందుకే ఇంత విడమరిచి చెబుతున్నా, విసుక్కోకు.

హైదరాబాదు నుంచి విజయవాడ పోయే 65వ నంబరు హైవేనే తీసుకో. సంక్రాంతికి పంతంగి టోల్ గేటు దగ్గర బారులు తీరి విసిగిపోయిన వాళ్లంతా, గేటు దాటగానే పోయిన టైమంతా రాబట్టుకోవాలని వంద మీద లాగిస్తారు. నువ్వూ వాళ్లలో ఒకడివి, డివైడర్ పక్క లేన్‌లో ఉన్నావు. ఉన్నట్టుండి ఇంజను చప్పుడు పోతుంది. ఏసీలో చల్లదనం పోతుంది. మీటరు బోర్డు మీద బ్యాటరీ బొమ్మా, ఆయిల్ డబ్బా బొమ్మా ఎర్రగా వెలుగుతాయి. యాక్సిలరేటర్ తొక్కితే బండి పలకదు. స్టీరింగ్ బిగుసుకుపోయినట్టు ఉంటుంది. కానీ చూడు, బండి మాత్రం ఇంకా దొర్లుతూనే ఉంది. ఆ దొర్లే వేగం చేతిలో మిగిలిన చిల్లరలాంటిది నాన్నా, ఒక్కసారే ఖర్చుపెట్టగలవు. దాన్ని ఎడమకి రావడానికే వాడు. మూడు నాలుగుసార్లు సెల్ఫ్ కొడుతూ కూర్చున్నావంటే ఆ వేగం కాస్తా అయిపోయి, నడి రోడ్డు మీద, ఫాస్ట్ లేన్‌లో దిగబడతావు. వెనక నీ పిల్లలున్నారు. వాళ్ల వెనక ఎవడి లారీయో ఉంది.

కాబట్టి క్లచ్ తొక్కు, గేరు న్యూట్రల్ చెయ్యి. ఆటోమేటిక్ అయితే ఎన్‌లోకి వెయ్యి. కదులుతున్న బండిని కంగారులో పీలోకి తొయ్యకు. అద్దంలో చూడు, ఎడమ ఇండికేటర్ వెయ్యి, ఒక్కో లేనూ దాటు. కొందరు ఆగగానే నాలుగు ఇండికేటర్లూ ఒక్కసారి వేసేస్తారు. అలా వేస్తే నువ్వు ఎటు తిరుగుతున్నావో వెనకవాడికి ఎలా తెలుస్తుంది? పక్కకి వచ్చేశాక నాలుగూ వెయ్యి. ఇక రాలేననుకున్నప్పుడు, ఉన్నచోటే ఆగిపోతున్నప్పుడు వెంటనే వెయ్యి.

స్టీరింగ్ బిగుసుకుందని భయపడకు. దాన్ని తేలిక చేసే సాయం ఆగిపోయింది, అంతే. రెండు చేతులతో బలంగా తిప్పితే తిరుగుతుంది. బ్రేకు సంగతి ఇంకా జాగ్రత్తగా విను. ఇంజను నడుస్తున్నంతసేపూ బ్రేకు బూస్టర్‌కి బలం అందుతూ ఉంటుంది. ఇంజను ఆగాక అందులో మిగిలి ఉన్నది ఒకటి రెండు తొక్కుళ్లకే సరిపోతుంది. కంగారులో టపటపా నాలుగుసార్లు తొక్కావంటే పెడలు రాయిలా గట్టిపడుతుంది. అప్పుడూ బ్రేకు పడుతుంది గానీ, మామూలుకంటే చాలా ఎక్కువ బలం పెట్టాలి. అందుకని తొక్కడం, వదలడం చెయ్యకు. తొక్కితే ఒక్కసారి, నిదానంగా, వదలకుండా తొక్కు.

తాళం మాత్రం వెనక్కి తిప్పి బయటికి లాగకు. లాగావంటే స్టీరింగ్ లాక్ పడుతుంది, దొర్లుతున్న బండి నీ చేతిలో ఉండదు. బటన్ నొక్కితే స్టార్టయ్యే బళ్లున్నవాళ్లు ఆ బటన్‌ని ఊరికే పట్టుకుని నొక్కుతూ ఉండకండి. చాలా బళ్లలో పరుగులో ఉండగా దాన్ని నొక్కిపట్టడం ఇంజను ఆపమని చెప్పడం. నేను చెప్పిన వరసకి ఒక్క చిన్న సడలింపు: రోడ్డు ఖాళీగా ఉండి, బండి తిన్నగా దొర్లుతుంటే, న్యూట్రల్‌లోనే ఒక్కసారి సెల్ఫ్ కొట్టి చూడు, తప్పులేదు. తీసుకుందా, సంతోషం. తీసుకోలేదా, రెండోసారి వద్దు, ఎడమకి రా. మళ్లీ మళ్లీ అదే చెబుతున్నానని అనుకుంటావేమో. ఆ క్షణంలో ఎవరికీ ఏదీ గుర్తుండదు నాన్నా, అందుకే నీ చెవిలో మోగేదాకా చెబుతా.

బండి మార్జిన్‌లోకి వచ్చింది. ఇక్కడ చాలామంది గండం గడిచిందనుకుంటారు. గడవలేదు. ఆగిన బండిలో కూర్చోవడమే పెద్ద గండం. అందరూ ఎడమ తలుపులోంచే దిగాలి, రోడ్డు వైపు తలుపు తెరవనే తెరవకూడదు. దిగి బండి ముందూ వెనకా నిలబడకుండా, రైలింగ్ ఉంటే రైలింగ్ అవతలికి, లేకపోతే రోడ్డు దిగి దూరంగా పోవాలి. మీ అమ్మ ఉంటుంది చూడు, మోకాళ్ల నొప్పులు, ఎండ, "నేను దిగను, ఇక్కడే కూర్చుంటా, మీరు కానివ్వండి" అంటుంది. ఒప్పుకోకు. బతిమాలు, చెయ్యి పట్టుకుని దింపు, అవసరమైతే కోప్పడు. పిల్లల్ని మీ ఆవిడకి అప్పజెప్పు. తెల్లవారుజామున నిద్రమత్తులో లారీ తోలే మనిషికి ముందు కనిపించే ఎర్ర లైట్లు ఆగి ఉన్నాయో, కదులుతున్నాయో తెలియదు. ఆ లైట్లనే చూసుకుంటూ వాటి వెనకే వచ్చేస్తాడు.

బండి డివైడర్ పక్కనే ఆగిపోయి ఎడమకి రాలేకపోతే, హైవే మీద దాన్ని అడ్డంగా తోయాలని చూడకు. సందు దొరికితే అందరూ డివైడర్ మీదకి దిగండి. సందు లేనంత రద్దీ అయితే నాలుగు ఇండికేటర్లూ వేసి, బెల్టులు పెట్టుకునే కూర్చుని 112కి ఫోన్ చెయ్యండి.

జాతీయ రహదారి మీద సాయానికి 1033 నంబరుంది. పగలూ రాత్రీ పలుకుతారు. ఎవరికైనా దెబ్బ తగిలితే 108. ఫోన్‌లో "హైవే మీద ఉన్నాం" అంటే ఎవరికీ అర్థం కాదు. ఎటునుంచి ఎటు పోతున్నారో, దాటిన ఊరేదో, పక్కన కిలోమీటరు రాయి మీద ఏముందో చెప్పు. ఇన్సూరెన్స్ కాగితాల్లో రోడ్డు సాయం నంబరు ఉంటే, అదీ ఫోన్‌లో ఎక్కించి ఉంచు. అమెరికాలో ఉన్న మన పిల్లలు ఇదంతా వింటుంటే, మీకూ వరస ఇదే; కాకపోతే ఎడమకి బదులు అక్కడ కుడి పక్క, నంబరు 911.

ఇక ఆ ఎర్ర త్రికోణం. బండితోపాటే ఇస్తారు, స్టెప్నీ దగ్గర కవరు కూడా విప్పకుండా పడి ఉంటుంది. దాన్ని బండికి ఆనించి పెడితే లాభం లేదు. మామూలు రోడ్డు మీద యాభై అడుగులన్నా వెనక్కి నడిచి పెట్టు, హైవే మీద వంద అడుగులు వెయ్యి. నడిచేటప్పుడు రోడ్డు అంచు బయటే, వచ్చే బళ్లకి ఎదురుగా, త్రికోణాన్ని ముందు పట్టుకుని నడువు. మలుపు ఉంటే మలుపుకి ఇవతల కాదు, అవతల పెట్టాలి. అది లేనివాళ్లు మన దగ్గర చెట్టుకొమ్మ విరిచి పెడతారు, నాలుగు బండరాళ్లు పేరుస్తారు. పెట్టడం బాగానే ఉంది, బండి స్టార్టవగానే ఆ రాళ్లు అక్కడే వదిలేసి పోతారు. చీకట్లో పొలం నుంచి మోటార్ సైకిల్ మీద వచ్చే పిల్లాడికి అవి కనిపించవు. నాకు ఇంత కోపం తెప్పించేది ఇంకోటి లేదు. నువ్వు పెట్టిన రాయి నువ్వే తీసి, రోడ్డు దింపి, అప్పుడు ఎక్కు బండి.

నీళ్లలో ఆగితే మాత్రం సెల్ఫ్ మాటే ఎత్తకు. 2020 అక్టోబరు వానల్లో హైదరాబాదులో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎన్ని కార్లు మునిగాయో నువ్వూ చూశావు. గాలి పీల్చుకునే గొట్టంలోంచి నీళ్లు ఇంజనులోకి పోతాయి. గాలిని నొక్కితే నలుగుతుంది, నీళ్లు నలగవు. నువ్వు సెల్ఫ్ కొట్టగానే పిస్టన్ ఆ నీళ్లని నొక్కబోయి లోపలి కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. తోయించుకుని షెడ్డుకి తీసుకెళ్తే ఆరబెట్టి ఇవ్వగలిగిన ఇంజను, ఒక్క సెల్ఫ్‌తో గుండ్రాయైపోతుంది. పైగా నువ్వే చేసిన నష్టమని ఇన్సూరెన్స్ వాళ్లు పేచీ పెడతారు. నీళ్లు పెరుగుతున్నాయంటే తలుపు తెరుచుకునేటప్పుడే దిగిపో. కారు పోతే పోనీ నాన్నా, వాయిదాలు నేనూ ఓ చెయ్యి వేసి కడతా.

ఘాట్ రోడ్డు ఇంకో రకం. దోర్నాల నుంచి శ్రీశైలం ఎక్కేటప్పుడు బండి ఆగిందంటే, ఎక్కడమే కదా అని వదిలెయ్యకు, వెనక్కి దొర్లుతుంది. కాలి బ్రేకు తొక్కిపట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, ఫస్ట్ గేరులో వేసి, ముందు సీటువాణ్ణి దింపి వెనక చక్రానికి రాయి పెట్టించు. దిగేటప్పుడైతే రివర్స్ గేరు, ముందు చక్రానికి రాయి. పెట్రోలు మిగులుతుందని దిగుడులో ఇంజను ఆపేసి న్యూట్రల్‌లో వదిలేవాళ్లున్నారు. వాళ్లతో పోటీ పడకు. ఇప్పటి బళ్లలో గేరులో ఉండగా యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే దిగుడులో పెట్రోలు చుక్క పడటం దానంతటదే ఆగిపోతుంది. మిగిలేదేమీ లేదు, బ్రేకు బలం మాత్రం పోతుంది.

బండి చెప్పాపెట్టకుండా ఆగిందంటారు అందరూ. చాలామటుకు చెప్పే ఆగుతుంది, మనమే వినం. పొద్దున్నే సెల్ఫ్ నీరసంగా తిరుగుతుంటే బ్యాటరీ చెబుతోంది. బానెట్టు ఎత్తి చూడు, టెర్మినల్ చుట్టూ తెల్లగా, పచ్చగా బూడిదలా పేరుకుని ఉంటుంది, చేత్తో కదిపితే వదులుగా కదులుతుంది. అది బిగించి, శుభ్రం చేయించడానికి మెకానిక్ టీ తాగినంత సేపు పట్టదు. సిగ్నల్ దగ్గర బండి వణుకుతుంటే, మూడో గేరులో కుదుపులిస్తుంటే, అదీ చెప్పడమే. "మీటరు బోర్డు మీద ఆ పసుప్పచ్చ ఇంజను లైటు ఎప్పట్నుంచో వెలుగుతూనే ఉంది బాబాయ్, ఏం కాలేదు" అంటావు. దాన్ని వెలిగించింది అలంకారానికి కాదుగా! ఇంజను వేడి చూపే ముల్లు ఎరుపు వైపు పోతుంటే ఏసీ ఆపి, పక్కకి తీసి చల్లారనీ. వేడిమీద రేడియేటర్ మూత తిప్పకు, మొహం కాలుతుంది.

పెట్రోలు సంగతి చెబితే నవ్వుతావు. రిజర్వులో నడపడం నీకో అలవాటు, ఇంకో బంకు ఇంకో బంకు అని. ఇప్పటి బళ్లలో పెట్రోలు పంపు ట్యాంకులోనే మునిగి ఉంటుంది, దాన్ని చల్లబరిచేది ఆ పెట్రోలే. ఎప్పుడూ అడుగంటేదాకా నడిపితే పంపు వేడెక్కి, ఓ రోజు ఎండలో చేతులెత్తేస్తుంది. పావు ట్యాంకు దగ్గరే పట్టించు.

మరొక్క మాట. ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర బండి ఆగిపోతే వెనకాల హారన్లు మొదలవుతాయి. ఆ మోతకి చేతులు వణికి, క్లచ్ సగంలో వదిలి మళ్లీ ఆపేస్తారు, ముఖ్యంగా కొత్తగా నేర్చుకున్న అమ్మాయిలు. వాళ్లని హారన్లు కొట్టుకోనీ తల్లీ. నాలుగు ఇండికేటర్లూ వెయ్యి, హ్యాండ్ బ్రేకు లాగు, గేరు న్యూట్రల్ చెయ్యి, ఊపిరి పీల్చుకుని అప్పుడు తాళం తిప్పు. ఇంటాయన పక్కనుంటే "నీకు రాదంటే విన్నావా" అని అప్పుడే మొదలుపెట్టకూడదు. సర్వీసింగ్ ఎవరు చేయించలేదన్న తగువూ రోడ్డు మీద వద్దు. ఇంటికెళ్లాక పడండి, నేనొచ్చి తీరుస్తా.

ఇవాళ సాయంత్రం ఇంటి ముందే ఓ పని చెయ్యి. బండి నిలబెట్టి హ్యాండ్ బ్రేకు లాగి, ఇంజను ఆపి, స్టీరింగ్ లాక్ పడకుండా తాళం మళ్లీ ఆన్‌లో పెట్టు. బ్రేకు నాలుగుసార్లు తొక్కు, పెడలు ఎలా గట్టిపడుతుందో కాలికి తెలియనీ. స్టీరింగ్ కాస్త తిప్పి ఆ బరువు చేతికి తెలియనీ. నాలుగు ఇండికేటర్ల మీట ఎక్కడుందో చూడకుండా తడిమి పట్టుకో. డిక్కీలోంచి త్రికోణం తీసి, కవరు చింపి, విప్పి నిలబెట్టు. తర్వాత మీ ఆవిడ చేత కూడా ఇవన్నీ చేయించు.