దీపం దగ్గరి నీడ

చలికాలంలో ఇషా నమాజు ముగించుకొని ఆలూరులో తలెత్తి చూస్తే, తూర్పున హైదరాబాదు వెలుగు కమ్ముకొని ఉన్నా, వరుసగా నిలిచిన మూడు చుక్కలను పిల్లలు సైతం గుర్తుపడతారు. ఆ చుక్కలకు కాస్త పక్కనే, కంటికి అందని చోట, 2004 జనవరిలో ఒక వింత బయటపడింది.

అమెరికాలోని కెంటకీలో జే మెక్‌నీల్ అనే ఔత్సాహికుడు తన పెరట్లో మూడు అంగుళాల టెలిస్కోపుతో తీసిన ఫోటోలో పటాల్లో లేని ఓ వెలుగు మబ్బు కనిపించింది. రూపుదిద్దుకుంటున్న ఒక నక్షత్రం హఠాత్తుగా ప్రకాశించి చుట్టూ ఉన్న ధూళిని వెలిగించిందని శాస్త్రవేత్తలు తేల్చారు. పాత ఫోటోలు వెతికితే 1966 నాటి ఒకదానిలో అదే మబ్బు ఉంది! ఇన్నేళ్లూ ఎవరూ పోల్చి చూడలేదు, అంతే. మన హైదరాబాదులోనూ 1901లో నవాబ్ జఫర్ జంగ్ స్థాపించిన నిజామియా వేధశాలలో ఆకాశ పటం కోసం ఏళ్ల తరబడి గాజు పలకల మీద ఫోటోలు తీశారు.

ఇలా మారే మబ్బు ఇంకొకటుంది. 1916లో ఎడ్విన్ హబుల్ వేర్వేరు ఏళ్ల ఫోటోలను పక్కపక్కన పెట్టి దాని రూపం మారుతోందని చూపాడు. నేడు ఔత్సాహికులు కొన్ని వారాలకొకసారి దాన్ని ఫోటో తీసి ఆ మార్పును చూస్తున్నారు. నిజానికి మబ్బు కదలడం లేదు. నక్షత్రానికి అతి సమీపంలో ధూళి తెరలు అడ్డం వస్తే, వాటి నీడ అంత పెద్ద మబ్బు మీద పడుతోంది. కరెంటు పోయిన రాత్రి దీపం ముందు వేలు పెడితే గోడంతా నీడ పరుచుకున్నట్లే.

ప్రతి కొత్త ఆవిష్కరణనూ ఒక ఆయతుకు అతికించి, ‘ఇది మా గ్రంథంలో ముందే ఉంది’ అనడం మనలో కొందరికి అలవాటు. మాకది నచ్చదు. దివ్య ఖుర్ఆన్‌కు అలాంటి సాక్ష్యం అవసరం లేదు. ఆకాశాన్ని మళ్లీ మళ్లీ చూడమని ముల్క్ సూరా ఆదేశిస్తోంది. దైవప్రవక్త (స) కుమారుడు ఇబ్రాహీం మరణించిన రోజున సూర్యగ్రహణం పట్టింది. జనం రెండింటినీ ముడిపెట్టారు. ఎవరి చావుపుట్టుకల కోసమూ గ్రహణం పట్టదని, అది అల్లాహ్ సూచన అని ఆయన చెప్పారు. అంత దుఃఖంలోనూ తన గొప్పకు పనికివచ్చే అబద్ధాన్ని నిలవనివ్వలేదు.

ఇక మన సంగతి. అదే మస్జిద్, అదే నమాజు, అయినా మనసు నిలవడం లేదంటాం. ఇమామ్ గారు పారాయణం పొడిగించారని, పని భారమని సాకులు వెతుకుతాం. అనారోగ్యం వల్లా, దిగులు వల్లా అలా జరగవచ్చు, కాదనం. కానీ అడ్డు ఇంకా దగ్గరగా ఉందేమో చూశామా? చేవెళ్ల, మొయినాబాద్ వైపు భూముల ధరలు ఆకాశాన్నంటాయి. నిసా సూరాలో అల్లాహ్ స్వయంగా నిర్ణయించిన ఆడబిడ్డ వాటా ఎన్ని ఇళ్లలో చేతికందింది? “పెళ్లికి ఖర్చు పెట్టాం కదా” అని ఎందరు అన్నదమ్ములు చెల్లెలి చేత సంతకం పెట్టించుకున్నారు?

పాత ఫోటోను, నేటి ఫోటోను పక్కపక్కన పెట్టండి. భూమికి విలువ లేని రోజుల్లో ఈద్‌కు ఇంటికొచ్చిన ఆ చెల్లెలు ఇప్పుడు వస్తోందా?

బీరువాలోని దస్తావేజులు తీయండి. ఆమె వాటా ఆ భూమిలోనే ఉంది కనుక డబ్బుగా ఇస్తే నాటి ధర కాదు, నేటి ధర కట్టాలి. లెక్క తెలియకపోతే దగ్గరలోని ఆలిమ్‌ను అడగండి. అడగడానికి వెళ్లేటప్పుడు ఆమెను కూడా వెంటబెట్టుకొని వెళ్లండి.