జింకు బ్యాడ్జీ చెప్పే సాక్ష్యం

సమస్తం అనిత్యమని అంగీకరించిన మనం ఒక పాత యుద్ధపు బ్యాడ్జీ చెడిపోకుండా కాపాడాలా? అది హిట్లర్ సైన్యానికి చెందినదైతే కాపాడటం ధర్మమేనా? ఒక చిన్న వస్తువును ముందుంచుకొని ఈ ప్రశ్నను ఆలోచిద్దాం.

రెండవ ప్రపంచ యుద్ధంలో జర్మనీ తన క్షతగాత్ర సైనికులకు ఒక బ్యాడ్జీ ఇచ్చేది. ఒకటి రెండు గాయాలకు నల్లది, మూడు నాలుగింటికి వెండి రంగుది, ఐదు, అంతకు మించితే బంగారు రంగుది. మధ్యలో స్వస్తిక ఉన్న ఉక్కు టోపీ, వెనుక రెండు కత్తులు, చుట్టూ ఆకుల దండ. తొలినాళ్లలో ఇటువంటి బ్యాడ్జీలకు రాగి మిశ్రమాలు వాడేవారు. తూటాలకు ఇత్తడి అవసరం పెరిగి రాగికి కరువు రావడంతో జింకుకు దిగారు. ఆ పైపూత పోతే మిగిలేది బూడిద రంగు లోహమే.

జింకు ఆరుబయట తడుస్తూ ఆరుతూ ఉంటే దానిపై పలుచని పొర ఏర్పడి కొంత రక్షిస్తుంది. గాలాడని చెమ్మలో ఉంటే మాత్రం తెల్లటి పొడి పుట్టి లోహాన్ని తినేస్తుంది. చేతి చెమటలోని ఉప్పు, ఓక్ కర్ర పెట్టెలు వదిలే ఆమ్లపు ఆవిరి ఆ పనిని వేగిరపరుస్తాయి. మన ఇళ్లలో ఇత్తడి బిందెను తోమినట్లు చింతపండుతోనో బూడిదతోనో తోమడం మరీ ప్రమాదం. పులుపుకూ, క్షారానికీ రెండింటికీ జింకు కరుగుతుంది.

కారణం ఉంటే కార్యం పుడుతుంది, కారణం తొలగితే ఆగుతుంది. బుద్ధుడు దుఃఖం విషయంలో చూపిన ఈ దారే ఇక్కడా పనికొస్తుంది. బ్యాడ్జీని చేతి తొడుగులతో పట్టుకోవాలి. మెత్తని బ్రష్‌తో దుమ్ము దులపాలి. ఆమ్లం లేని కాగితంలో చుట్టి, పాలిథీన్ డబ్బాలో సిలికా జెల్‌తో పాటు పొడి చోట ఉంచాలి. పీవీసీ కవర్లు వద్దు. పలుచగా మైక్రోక్రిస్టలైన్ మైనం పూయవచ్చు. ఇంతవరకే మన పని.

కొందరు ఇంతటితో ఆగక కొత్త వెండి పూత వేయిస్తారు. న్యాయశాస్త్రం చదివిన మాకు ఇది సాక్ష్యాన్ని తారుమారు చేయడంగానే కనిపిస్తుంది. కోర్టుకు చేరిన కత్తి మీది మరకను ఎవరూ శుభ్రం చేయరు. ఆ బూడిద రంగే ఇక్కడి వాంగ్మూలం. మనుషుల గాయాలను లెక్కపెట్టి రంగులు పంచిన రాజ్యం, చివరికి ఆ రంగు కింద చవక లోహం పెట్టింది. దానిని మళ్లీ మెరిపిస్తే ఆ రాజ్యం చెప్పిన అబద్ధాన్ని మనమే తిరిగి చెప్పినట్లు.

కాపాడటం గౌరవించడమేనా? జర్మనీ శిక్షాస్మృతిలోని 86ఎ సెక్షన్ నాజీ చిహ్నాల బహిరంగ ప్రదర్శనను నిషేధిస్తుంది. అయినా బోధనకూ, పరిశోధనకూ, చరిత్ర వివరణకూ మినహాయింపు ఉంది. వస్తువు ఒక్కటే, దానిని చూపేవారి ఉద్దేశం వేరు. చేతన నుంచే కర్మను తూచే మనకు ఈ భేదం కొత్త కాదు. మన దేశంలో శుభానికి వాడే గుర్తు అక్కడ లక్షలాది మంది హత్యకు జెండా అయింది. ఆ సంగతి రేపటి పిల్లలు కళ్లారా చూసి తెలుసుకోవాలి.

జింకు ఏనాటికైనా పొడి అవుతుంది, దాన్ని ఆపాలన్న ఆశ మనకు వద్దు. సాక్షి బతికున్నంత కాలం అతని మాట వినబడేలా చూడటం మాత్రం మన బాధ్యత.